బానెట్ మీద సీటు

జీపు చప్పుడు వినబడితే నేను ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను. అన్నం తింటున్నా సరే, ఎడమ చేత్తో కిటికీ రెక్క తోసి రోడ్డు వైపు చూస్తాను. ముందు చూసేది బానెట్టే. "ఏం కొంపలు మునిగినయని గట్ల లేస్తవ్? కూసొని తిను" అని మా ఆవిడ కేకలేస్తుంది. పని మానేసి చాలా ఏళ్ళయింది. చేతులు ఆగాయి గానీ మనసు ఆగలేదు.

టింకరింగ్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు ఇప్పుడు బానెట్ సొట్ట పడితే పట్నం నుంచి కొత్తది తెప్పించి బిగిస్తున్నారు. లేదంటే సొట్ట నిండా లప్పం కూరి, పైన రంగు కొట్టి, అద్దంలా ఉందని పంపిస్తున్నారు. ఆ లప్పం రెండు వానలకు పెచ్చులూడుతుందని మీకూ తెలుసు, బండి ఆయనకూ తెలుసు. తిట్టడానికి కూర్చోలేదు గానీ, చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

షెడ్డు ఎట్లా పెట్టాను, ఎంత పేరొచ్చింది అన్న సంగతులు ఇందులో ఉండవు. నేను చెప్పదలచుకున్నది ఒక జీపు బానెట్ గురించి, దానివల్ల ఒక ఆడమనిషి కాలుకు జరిగినదాని గురించి. ఆ తప్పు నాదా కాదా అన్నది నాకు ఇంతవరకు తేలలేదు. మీరు చదివి తేల్చుకోండి.

ఉస్తాద్ చెప్పిన మాట

మా నాన్న చండ్రుగొండలో కమ్మరి. నాగలి కర్రులు, గొడ్డళ్ళు చేసేవాడు. నాకు కొలిమి ముందు కూర్చునే ఓపిక లేదు, ఎప్పుడూ రోడ్డు మీదే కన్ను. డెబ్బైల్లో ఖమ్మం వెళ్ళి ఖాసిం ఉస్తాద్ షెడ్డులో చేరాను.

ఉస్తాద్ నాకు మొదట సుత్తి ఇవ్వలేదు, పాత ధోవతి గుడ్డముక్క ఇచ్చాడు. దాన్ని ఇనుప షీటు మీద పరిచి, పైన అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరపమన్నాడు. వట్టి చేతికి తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ మీద నుంచి తెలుస్తాయి. మీరు నమ్మకపోతే ఇవాళే చేసి చూడండి. తర్వాత సుత్తి ఇచ్చి, "కొట్టుడు తక్కువ, తడుముడు ఎక్కువ" అన్నాడు. ఎక్కువ కొడితే షీటు సాగుతుంది. సాగిన షీటు చేత్తో నొక్కితే లోపలికి పోయి, వదలగానే టప్పుమని పైకి వస్తుంది. అట్లాంటి బానెట్ ఉన్న బండి గతుకుల్లో పోతుంటే దారి పొడుగునా దానిని చేసినవాడిని తిడుతున్నట్టే ఉంటుంది.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం ఒక కారు వల్ల నేర్చుకున్నాను. వైరా నుంచి ఒక రైతు వచ్చాడు. కోస్తా వైపు నుంచి వలస వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం. ఆయన ఎడ్లు బండలాగుడు పందెంలో గెలిచాయి. ఆ సంతోషం పట్టలేక, కారు బానెట్ మీద రెండు ఇత్తడి ఎడ్ల తలలు పెట్టించాలని ఆయన కోరిక.

"కారుకు కొమ్ములెందుకు సాబ్?" అన్నాడు ఉస్తాద్.

"నా కారు, నా ఎడ్లు. నీకెందుకయ్యా బాధ?" అన్నాడు ఆయన.

నేను ఎగిరి గంతేశాను. పాత ఇత్తడి బిందె కోసి, ఇసుక సంచి మీద పెట్టి కొట్టి, మధ్యాహ్నం అన్నం మానేసి మరీ రెండు తలలు తయారు చేశాను. ముట్టెలు, గంగడోళ్ళు, నుదుటి మీద బొట్టు కూడా పెట్టాను. జానెడు కొమ్ములు. బానెట్ మీద బిగించేసరికి పక్క షాపుల వాళ్ళంతా మూగారు. ఉస్తాద్ ఒక్కడే ముందుకు రాలేదు. తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నన్ను పిలిచి తను దిగి, నన్ను కూర్చోమన్నాడు.

"ఎడమకు తిప్పేటప్పుడు రోడ్డు అంచు కనబడ్తుందా?"

కనబడలేదు. సరిగ్గా అక్కడే కొమ్ము ఉంది.

"బయటోళ్ళు బొమ్మను చూస్తరు బేటా. నడిపేటోడు రోడ్డును చూస్తడు. నువ్వు ఎవరి కోసం చేసినవ్?" అన్నాడు. ఏ బండైనా సరే, డ్రైవర్ సీట్లో కూర్చుని చూడకుండా షెడ్డు దాటనివ్వకు అన్నాడు.

కొమ్ములు రెండు వేళ్ళంత ఉంచి మిగతాది కోసేశాను. రైతు వచ్చి చూసి లబోదిబోమన్నాడు. "ఎడ్లను పెట్టమంటే దూడల్ని పెట్టావేంటయ్యా!" అని తీసుకుపోయాడు. అయినా ఆ దూడల కారు జిల్లా అంతా తిరిగింది. బానెట్ పని అంటే వీరాచారే చెయ్యాలి అన్న పేరు నాకు దాని వల్లే వచ్చింది. ఆ పేరే నన్ను పాడు చేసిందని తర్వాత చాలాసార్లు అనిపించింది.

సీతారాములు జీపు

ఎనభైల నాటికి భద్రాచలంలో నా సొంత షెడ్డు ఉండేది. పక్కనే జీపుల అడ్డా. అక్కడి నుంచి దుమ్ముగూడెం మీదుగా పర్ణశాలకు సర్వీసు జీపులు తిరిగేవి. అవతల అడవి గూడేల వాళ్ళకు సంతకైనా, దవాఖానాకైనా అవే దిక్కు. బస్సు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. జీపులో చోటు లేకపోతే వెనక వేలాడేవాళ్ళు, టాపు మీద ఎక్కేవాళ్ళు, చివరికి బానెట్ మీద కూర్చునేవాళ్ళు. మీకు నమ్మబుద్ధి కాదు గానీ, అప్పట్లో బానెట్ మీద మనుషులు లేని జీపు పోతుంటే ఏం జరిగిందోనని ఆగి చూసేవాళ్ళం.

సీతారాములు అని ఒక జీపు ఓనరు, డ్రైవరూ తనే. మంచివాడు, ముక్కు మీద కోపం. నెల తిరిగేసరికి వాడి బానెట్ గుంతలు పడి నా షెడ్డుకు వచ్చేది. నేను సరి చేసి పంపేవాడిని, మళ్ళీ వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు నాకు విసుగొచ్చింది.

"జనాన్ని దించరాదుర?" అన్నాను.

"నేను దించితే ఇంకో జీపెక్కుతరు చారన్నా. ఆ జీపుల గూడ బానెట్ మీదనే గద కూసునేది? ఎండకాలం షీటు కాల్తది. గోనెసంచులు ఏసుకొని కూసుంటరు. సంచి జారుతది, మనిషి జారుతడు. మొన్న ఒక ముసలాయన జారి మట్టిల పడ్డడు. ఏం చెయ్యమంటవ్?"

ఏం చెయ్యాలో వాడు నన్ను అడగలేదు నిజానికి. ఊరికే వాపోయాడు. నాకు మాత్రం ఆ క్షణం నుంచి కాలు ఒకచోట నిలవలేదు. షెడ్డులో అటూ ఇటూ తిరిగాను. బానెట్ మీద చాక్‌పీసుతో గీశాను, చెరిపాను. "జీపు రెండు దినాలు నా దగ్గర ఇడిచిపెట్టు" అన్నాను.

రోడ్డు పనివాళ్ళు పారేసిన తారు డ్రమ్ము తెచ్చి, కోసి, కాల్చి తారు వదిలించి, షీటు చదును చేశాను. బానెట్ షీటు కింద ఇనుప బద్దలు పెట్టి గట్టి చేశాను, బరువుకు వంగకుండా. డ్రమ్ము షీటును దాని పైన నాలుగు వేళ్ళ ఎత్తులో, కాళ్ళు పెట్టి నిలబెట్టాను. మధ్యలో గాలి ఆడుతుంది, కూర్చున్నవాళ్ళ తొడలు కాలవు. ఇంజను వేడి పోవడానికి బానెట్‌కు చేప మొప్పల్లాంటి చీలికలు కొట్టాను. రెండు పక్కలా పాత మంచం పైపు వంచి, పట్టుకోవడానికి జానెడు ఎత్తులో పట్టీ వెల్డింగ్ చేశాను. పక్కకు తిరిగి కూర్చుని, కాళ్ళు ఆ పైపు కింది నుంచి మడ్‌గార్డు మీదికి జారవిడిచి, రెండు చేతులా పైపు పట్టుకోవచ్చు. గుడ్డ వేసి చేత్తో తడిమాను. ఎక్కడా గీరుకునే అంచు లేదు. అంత మంచి పని నేను అంతకు ముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

ఉస్తాద్ మాట మరిచిపోలేదు. డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. రోడ్డు కనబడింది, అంచు కనబడింది. తృప్తిగా దిగాను.

బానెట్ మీద అప్పుడు ఎవరూ లేరు. ఆ సంగతి నాకు తట్టలేదు. షెడ్డులో ఆగి ఉన్న జీపు బానెట్ మీద ఎవరు కూర్చుంటారు? రోజూ కళ్ళ ముందు జనాన్ని మోసుకుపోయే బండిని ఖాళీగా పెట్టి చూసి, బాగుందనుకున్నాను. నా చదువు అంతవరకే.

సీతారాములు చూసి నన్ను కావలించుకున్నాడు. "గిది జీపు గాదు, పల్లకి!" అన్నాడు. వారం తిరగకముందే మిగతా డ్రైవర్లు వరస కట్టారు. అందరికీ చేసి పెట్టాను. జనానికీ నచ్చింది. అంతకుముందు బానెట్ మీద ఇద్దరు భయంభయంగా కూర్చునేవాళ్ళు. పట్టుకోవడానికి పైపు దొరికాక నలుగురు ధీమాగా కూర్చున్నారు. నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగింది, తలలు పెరిగాయి. డ్రైవర్లు మెడలు చాపి, తలల సందుల్లోంచి రోడ్డు వెతుక్కుంటూ నడిపారు. ఒక్కరూ నాతో ఆ మాట అనలేదు. నేనూ అడగలేదు.

వెదురు బండి

ఒక సంత రోజు మధ్యాహ్నం దుమ్ముగూడెం దాటాక మలుపులో, రోడ్డు పక్కన ఎడ్లబండి ఆగి ఉంది. వెదురు బొంగుల లోడు. బొంగుల చివరలు బండి వెనక్కి బారెడు పొడుచుకు వచ్చి ఉన్నాయి. సీతారాములు జీపు బానెట్ మీద నలుగురున్నారు. ఆ ఎడ్లబండి సీతారాములుకు కనబడలేదు. కనబడేసరికి ఆలస్యమైంది.

కుడి పక్కన కూర్చున్న ఇద్దరూ దూకేశారు, చర్మం గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఎడమ పక్కన వెనక కూర్చున్నతను కాళ్ళు పైకి లాక్కున్నాడు. ముందు కూర్చున్నది సమ్మక్క. గూడెం నుంచి చింతపండు తెచ్చి సంతలో అమ్ముకునే పాతికేళ్ళ పిల్ల. ఆమె కాలు పైపు కింద ఉంది. బొంగులు వచ్చి పైపుకు తగిలాయి. పైపు వంగి ఆమె మోకాలిని బానెట్‌కు అదిమేసింది. కాలు తియ్యడానికి పైపు కొయ్యాల్సి వచ్చిందట.

కబురు తెలిసిన వెంటనే దవాఖానాకు వెళ్ళాను. సీతారాములు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "కనబడలే చారన్నా. తల అడ్డమొచ్చింది, నాకు కనబడలే" అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. నీ సీటు వల్లే అని వాడు ఒక్కసారి అన్నా నాకు బాగుండేది.

లోపల సమ్మక్క మంచం మీద ఉంది. కాలు తొడ దాకా కట్టు. తల్లి పక్కన కూర్చుని వాళ్ళ కోయ మాటలో ఏదో చెబుతోంది. నన్ను చూసి సమ్మక్క అడిగింది.

"నువ్వెవరన్నా?"

"జీపులు బాగు చేస్తనమ్మా."

"సీతారాములన్న జీపు బాగైతదా? వచ్చే సంతకు నడుస్తదా?"

"నడుస్తది."

"నడవాలె. మా అమ్మ చింతపండు తెచ్చుకోవాలె గద."

ఆ సీటు చేసింది నేనేనని చెప్పడానికే వెళ్ళాను. చెప్పలేదు. తెచ్చిన పండ్లు అక్కడ పెట్టి, దవాఖానా గేటు దాటేదాకా వెనక్కి చూడకుండా నడిచాను. నా జీవితంలో నేను సిగ్గుపడే పని ఆ సీటు చెయ్యడం కాదు, ఆ గేటు దాటడం. సమ్మక్క బతికింది. మోకాలు మాత్రం మళ్ళీ వంగలేదు.

కోసిన సీట్లు

మర్నాడు పొద్దున్నే ఇనుము కోసే ఆక్సా బ్లేడు, గ్యాస్ సిలిండరు తీసుకుని అడ్డాకు వెళ్ళాను. అన్ని జీపుల సీట్లూ తీసేస్తానన్నాను. డ్రైవర్లు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు. నేను వదల్లేదు. ఒక్కొక్కరినీ బతిమాలి, పోట్లాడి, చేతులు పట్టుకుని ఒప్పించాను. రోజుల తరబడి షెడ్డు మూసి అదే పని. పట్టీలు కోశాను, డ్రమ్ము షీట్లు విప్పాను, బానెట్‌లు మళ్ళీ నున్నగా చేశాను.

అందరికంటే చివర ఒప్పుకున్నది సీతారాములు. ఒప్పుకుంటూనే ఒక మాట అన్నాడు.

"తీసేస్తే జనం బానెట్ ఎక్కుడు ఆపుతరా? ఆపరు. ఎప్పటిలెక్క జారి పడ్తరు. నువ్వు నీ మనసు నిమ్మళం కోసం తీస్తున్నవ్ చారన్నా. వాళ్ళ కోసం గాదు."

వాడి మీద పీకలదాకా కోపం వచ్చింది. నిజం కాకపోతే అంత కోపం ఎందుకు వస్తుంది? వాడు చెప్పినట్టే జరిగింది. జనం మళ్ళీ గోనెసంచులు వేసుకుని ఎక్కారు, మళ్ళీ జారారు. ఒకాయన చెయ్యి విరిగిందని విన్నాను. సీటు ఉంచి ఉంటే ఆ చెయ్యి విరిగేది కాదేమో. ఉంచి ఉంటే ఇంకో కాలు పోయేదేమో.

ఆ తర్వాత పొద్దున లేస్తే నాకు అడ్డా దగ్గరికి పోకుండా తోచేది కాదు. ప్రతి జీపు బానెట్ కొక్కేలు లాగి చూడడం, మెడ చాపి డ్రైవర్ వైపు నుంచి చూడడం. "బానెట్ డాక్టర్ వచ్చిండు, నాలుక చాపండిరా" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు. చెయ్యనీ అనుకునేవాడిని. మన పని షెడ్డులో అయిపోదు. అది బయటికి పోయి రోడ్డు మీద తిరుగుతుంది. మనం ఇంట్లో కూర్చున్నా అది తిరుగుతూనే ఉంటుంది. ఈ బెంగ లేనివాళ్ళు వేరే పని చూసుకోండి, నాకు మొహమాటం లేదు.

పర్ణశాల దారిలో

తొంభైల చివర్లో, షెడ్డు మూసే రోజులు దగ్గర పడ్డాక, బంధువుల ఇంట్లో శుభకార్యం ఉండి పర్ణశాల బయల్దేరాను. అడ్డాలో జీపు నిండిపోయింది. నన్ను ఎరిగిన డ్రైవర్ కావడంతో ముందు సీట్లో చోటిచ్చాడు. అప్పుడు ఒకామె కర్ర ఊతతో, నెత్తిన బుట్టతో వచ్చింది. ఒక కాలు కట్టెలా బిగుసుకుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

"లోపల జాగ లేదు సమ్మక్కా. బానెట్ మీద కూసుంటవా?" అన్నాడు డ్రైవర్.

ఆమె బానెట్ చుట్టూ చేత్తో తడిమింది. నున్నటి షీటు.

"ఏం పట్టుకొని కూసోవాలె? ఎనకట పైపు ఉంటుండె. ఆ దినం దాన్ని పట్టుకున్న గాబట్టే చక్రం కింద పడలే. ఏ పుణ్యాత్ముడు చేసిండో. ఎవడో పాపిష్టోడు కోసేసిండు."

నేను జీపు దిగాను. ఈసారి గేటు దాటి పారిపోదలచుకోలేదు.

"ఆ పైపు పెట్టింది నేనే సమ్మక్కా. కోసింది గూడ నేనే. నీ కాలు దాని కిందనే నలిగింది."

ఆమె కర్ర మీద ఆనుకుని నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"గట్లనా" అంది. "మరి ఇయ్యాల ఏం పట్టుకోవాలె?"

ఆమె నెత్తి మీది బుట్ట అందుకుని, నా చోట్లో ఆమెను కూర్చోబెట్టాను. బిగుసుకున్న కాలు చాపుకునేందుకు చోటిస్తూ పక్కవాళ్ళు సర్దుకున్నారు. బుట్ట ఆమె ఒళ్ళో పెట్టి, నేను వెళ్ళి బానెట్ ఎక్కాను. ఇన్నేళ్ళలో వందల బానెట్‌లు కొట్టి చదును చేసినవాడిని, కదిలే బండి బానెట్ మీద కూర్చోవడం అదే మొదటిసారి.

జీపు కదిలింది. కింద షీటు కాలుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా ఒళ్ళు ముందుకు జారుతోంది. చేతులు వాటంతట అవే పక్కలకు పోయి పైపు కోసం వెతికాయి. నున్నగా చేసింది నేనే, పట్టు ఎక్కడ దొరుకుతుంది? అరచేతులు షీటుకు అదిమి పెట్టి, తల ఎత్తి దారి చూస్తూ కూర్చున్నాను.

వెనక నుంచి డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టాడు.

"పెద్దాయనా, తల వంచు! నాకు రోడ్డు కనబడ్తలేదు."

పర్ణశాల దాకా తల వంచుకునే కూర్చున్నాను.